తెలుగు పద్యాన్ని ఇంటింటి పాటగా మలచిన ఘంటసాల

గరాచర్మ (అండమాన్ నికోబార్ దీవులు): పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురంగా మారింది. ఆ నగరాన్ని ఆనుకొని ఉన్న గరాచర్మలో వీధి భాష హిందీ. బెంగాలీ, తమిళం, తెలుగు, మలయాళం ఇళ్ల లోపల వినిపిస్తాయి; గడప దాటితే అందరినీ కలిపేది హిందుస్థానీయే. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల జనాభాలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. వీరిలో ఎక్కువ మంది మూలాలు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం తీరప్రాంతాల్లో ఉన్నాయి. విశాఖ రేవులో ఓడెక్కి వచ్చిన కుటుంబాలు తమ వెంట తెచ్చుకున్నది మాట్లాడే తెలుగు. సంధి సమాసాలతో, యతిప్రాసలతో నడిచే పద్యభాషకు ఆ మూటల్లో చోటు దొరకడం కష్టం. అయినప్పటికీ, సముద్రానికి ఏ ఒడ్డున ఉన్నా, ఛందస్సు పుస్తకం ఏనాడూ తెరవని తెలుగువారు సైతం సీసపద్యం నడకను చెవితోనే పోల్చుకోగలుగుతున్నారంటే అందుకు ప్రధాన కారణం ఒక గొంతు. 1974లో మూగబోయిన ఆ గొంతు ఘంటసాల వెంకటేశ్వరరావుది.

ఆయనను సినిమా నేపథ్య గాయకుడిగా పరిచయం చేయడం సులువు. సంగీత దర్శకుడిగా తలచుకోవడమూ కద్దు. రెండూ నిజమే. అయితే తెలుగు జనరంజక సంగీత చరిత్రలో ఘంటసాల చేసిన అసలు పని మరొకటి ఉంది. నాటకశాల చివరి వరుస వరకు వినబడేలా పెద్ద గొంతుతో, సుదీర్ఘమైన రాగాలాపనతో సాగే రంగస్థల పద్యాన్ని ఆయన మైక్రోఫోన్ కొలతకు తెచ్చారు. రాగం కోసం మాటను బలి ఇవ్వని గానపద్ధతిని స్థిరపరిచారు. ఆ పద్ధతి అలవడటానికి ముందు ఆయన జీవితం గడిచిన దారి సుఖమైనది కాదు.

కృష్ణా జిల్లా గుడివాడ సమీపంలోని చౌటపల్లిలో 1922 డిసెంబరు 4న ఘంటసాల జన్మించారు. తండ్రి సూరయ్య గాయకుడు, మృదంగ వాద్యకుడు. తల్లి రత్నమ్మ. నారాయణ తీర్థుల తరంగాలు పాడేందుకు తండ్రి ఊరూరా వెళుతూ కొడుకును భుజాన ఎక్కించుకొని తీసుకుపోయేవారు. తండ్రి పాడుతుంటే బాలుడు నర్తించేవాడు. చూసినవారు ముచ్చటపడి బాలభరతుడని పిలిచేవారట. తరంగం, భజన, హరికథ, పౌరాణిక నాటకం: కృష్ణా తీరపు పల్లెలకు ఆనాడు తెలిసిన జనరంజక సంగీతం ఇదే. గ్రామఫోను ఏ భూస్వామి సావిట్లోనో ఉండే వింత వస్తువు. రేడియో ఇంకా రాలేదు. పాట వినాలంటే పాడే మనిషి ఎదుట ఉండాలి. ఆ మనిషి గొంతుకు అలుపు వచ్చిందంటే ఆ రాత్రికి సంగీతం ముగిసినట్టే.

పదకొండేళ్ల ప్రాయంలో తండ్రి కన్నుమూశారు. సంగీతాన్ని విడిచిపెట్టవద్దని ఆయన కోరుకున్నారు. మేనమామ ర్యాలి పిచ్చిరామయ్య కుటుంబాన్ని ఆదుకున్నారు. అనంతరం ఒక సభలో విద్వాంసుడితో పోటీకి దిగి నవ్వులపాలైన కుర్రవాడు సంగీతం నేర్చి తీరాలని పంతం పట్టాడు. నేర్పుతామన్న వారి ఇళ్లలో పనివాడిగా కుదిరాడు. ఒక ఇంట బట్టలు ఉతకడం, మరో ఇంట వంట చేయడం. పాఠం మాత్రం అంతంతమాత్రం. చివరకు చేతి ఉంగరం అమ్ముకొని, వచ్చిన డబ్బుతో విజయనగరం బయలుదేరాడు.

విజయనగరం మహారాజావారి సంగీత కళాశాల 1919లో ఏర్పడింది. తొలి ప్రధానాచార్యులు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. ఘంటసాల వెళ్లే నాటికి ఆ పదవిలో వాయులీన విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు ఉన్నారు. తీరా చేరేసరికి వేసవి సెలవులు. ఆవరణలో తలదాచుకోవడానికి అనుమతి దొరికినా, తోటివారి తుంటరితనం వల్ల నింద తన మీద పడి అక్కడి నుంచి కదలవలసి వచ్చింది. ఊళ్లో ఎల్లమ్మ గుడిలో మకాం పెట్టిన ఆ పిల్లవాణ్ణి సాలూరి చినగురువుగా పేరొందిన పట్రాయని సీతారామశాస్త్రి చేరదీసి, జీతం లేకుండా చదువు చెప్పారు. ఆయన నిరుపేద. శిష్యుడికి విద్య పెట్టగలరు గానీ రెండు పూటలా అన్నం పెట్టలేరు.

అప్పుడు ఘంటసాల జోలె కట్టి మధుకరానికి బయలుదేరారు. భుజాన జోలె వేసుకొని ఇంటింటి ముందు నిలబడి అడిగి తెచ్చుకున్న అన్నమే ఆహారం; మిగిలిన మెతుకులు రాత్రికి. ఆ ఊళ్లో మొదటి భిక్ష వేసి, ఆపైన కన్నతల్లిలా ఆదరించిన స్త్రీ కళావర్ రింగ్‌గా ప్రసిద్ధురాలైన సరిదె లక్ష్మీనరసమ్మ. ఆమె కళావంతుల కుటుంబానికి చెందిన గాయని, నర్తకి. ఈ వివరాన్ని జీవితచరిత్రలు కరుణరసంతో చెప్పి వదిలేస్తుంటాయి. కానీ సంగీత చరిత్ర దృష్టితో చూస్తే ఇది అంతకంటె పెద్ద విషయం. దక్షిణాదిన గ్రామఫోను కంపెనీలకు తొలినాళ్లలో పాడేందుకు ముందుకు వచ్చినవారిలో ఇటువంటి స్త్రీలే అధికులు. జావళీని, పదాన్ని సభామండపం దాటించి రికార్డుల మీదికి ఎక్కించింది వారే. సంఘం వారిని పక్కకు నెట్టడం మొదలుపెట్టిన రోజుల్లోనే, రాబోయే యుగపు గాయకుడికి మొదటి ముద్ద వారి చేతుల మీదుగా అందింది.

చదువు ముగించుకొని పట్టాతో స్వగ్రామం చేరిన ఘంటసాల ఉత్సవాల్లో కచేరీలు చేస్తూ, పిల్లలకు పాఠాలు చెబుతూ, నాటకాల్లో పాడుతూ కొంతకాలం గడిపారు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని అరెస్టయ్యారు. బళ్ళారి అలీపురం కారాగారంలో సుమారు ఏడాదిన్నర ఉన్నారు. విడుదలయ్యాక 1944 మార్చి 4న మేనకోడలు సావిత్రిని వివాహమాడారు. పెళ్లి కచేరీ పెళ్లికొడుకే చేశారన్నది ఆ ప్రాంతాల్లో నేటికీ చెప్పుకునే ముచ్చట.

ఆయన మద్రాసు ప్రయాణానికి కారకుడు సముద్రాల రాఘవాచార్య. సినీ కవిగా స్థిరపడిన ఆయనది, సావిత్రి పుట్టింటివారిది ఒకటే ఊరు, పెదపులివర్రు. సముద్రాల మాట పట్టుకొని వెళ్లిన ఘంటసాలకు రికార్డింగు సంస్థలో తొలి పరీక్షలోనే చుక్కెదురైంది. మైకుకు పనికిరాని గొంతు అన్నది తీర్పు. తరవాతి కాలంలో ఆ మాటను అవివేకంగా చిత్రించడం పరిపాటి అయింది. నిజానికి అందులో కొంత న్యాయం లేకపోలేదు. భజనలో, నాటకంలో, గుడి మండపంలో పెరిగిన కంఠం అది. ఎదుట ఉన్న వెయ్యి మందికి వినబడాలన్న ఆత్రుత దానికి జన్మతః అబ్బింది. మైకుకు ఆ ఆత్రుత అక్కరలేదు.

విద్యుత్ రికార్డింగు 1925లో వచ్చిన తరువాత ప్రపంచమంతటా గాయకుల వృత్తి మారిపోయింది. అమెరికాలో బింగ్ క్రాస్బీ, కలకత్తాలో సైగల్, పంకజ్ మల్లిక్ గొంతు పెంచకుండానే లక్షల మందికి పాడవచ్చని నిరూపించారు. పక్కన కూర్చొని మాట్లాడుతున్నట్టు పాడటం కొత్త కళ అయింది. తెలుగులో ఆ కళకు దారి వేసినది మద్రాసు ఆకాశవాణి. అక్కడ పనిచేస్తున్న బాలాంత్రపు రజనీకాంతరావు లలిత సంగీతమనే ప్రక్రియను తీర్చిదిద్దుతున్న కాలమది. పానగల్ పార్కు చెట్ల కింద రాత్రులు గడిపిన ఘంటసాలకు రేడియోలో పాడే అవకాశం ఆయన ద్వారా కలిగింది. రికార్డుల తలుపు పేకేటి శివరాం చొరవతో తెరుచుకుంది. శాస్త్రీయ సంగీత పట్టా ఉన్న యువకుడు, భావగీతాన్ని నాలుగు నిమిషాల్లో, స్వరవిన్యాసం లేకుండా, కవి మాట చెడకుండా పాడటం అలవరచుకున్నారు. పాత విద్యను మరచిపోవడం కాదు ఇది. దాన్ని కనబడకుండా దాచుకోవడం. నేర్చుకోవడం కంటె ఇది కష్టం.

తొలి సినిమా అవకాశాలు చిన్నచిన్నవే. 1944 నాటి ‘సీతారామ జననం’లో బృందగానం, చిన్న వేషం. 1945 నాటి ‘స్వర్గసీమ’లో భానుమతితో కలిసి పాడటంతో నేపథ్య గాయకుడిగా గుర్తింపు మొదలైంది. 1948లో ‘బాలరాజు’ కోసం అక్కినేని నాగేశ్వరరావుకు పాడారు. అంతకుముందు నటులే తమ పాటలు పాడుకునేవారు. ముఖం ఒకరిది, గొంతు ఇంకొకరిది అన్న ఏర్పాటును ప్రేక్షకులు సందేహం లేకుండా ఒప్పుకున్న కాలానికీ ఘంటసాల ఎదుగుదలకూ తేదీలు దాదాపు కలుస్తాయి. 1949లో ‘మనదేశం’, ‘కీలుగుర్రం’ చిత్రాలకు సంగీతం సమకూర్చారు. వీటిలో మొదటిది ఎన్.టి. రామారావు తొలిసారి తెర మీద కనిపించిన చిత్రం. కొద్ది సంవత్సరాల్లోనే ఆ ఇద్దరు కథానాయకులకూ ఒకే గొంతు మాటాపాటా అయింది. అక్కినేనికి పాడేటప్పుడు గొంతులో కాస్త మెత్తదనం, రామారావుకు పాడేటప్పుడు గుండె లోపలి నుంచి వచ్చే గంభీరత. ఇది అనుకరణ కాదు, నటుడు మాట పలికే తీరును గమనించి శ్రుతి, ఊపిరి మార్చుకోవడం.

విజయా సంస్థ 1951లో తీసిన ‘పాతాళ భైరవి’ ఘంటసాల సంగీతాన్ని ఊరూరా చేర్చింది. తెలుగులోనూ తమిళంలోనూ వచ్చిన ఆ చిత్రం 1952లో దేశంలో జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ప్రదర్శితమైంది. పింగళి నాగేంద్రరావు సరళమైన, ఒకింత చిలిపి మాటలకు ఆయన కట్టిన బాణీల్లో కర్ణాటక రాగాల ఛాయ స్పష్టం. అయినా అవి పాడటానికి గురువు అవసరం లేదు. పొలం గట్టున, వంటింట్లో, బడిలో ఎవరైనా పాడుకోగలిగేవి. 1953లో ‘దేవదాసు’కు సంగీతం సి.ఆర్. సుబ్బరామన్‌ది, చిత్రం విడుదల కాకముందే ఆ ప్రతిభావంతుడు చిన్నవయసులో మరణించారు. తాగి కుమిలిపోయే మనిషి గొంతును ఘంటసాల అందులో పలికించిన తీరుకు దక్షిణాదిన తరువాత వచ్చిన విషాదగీతాలు చాలా వరకు రుణపడి ఉన్నాయి.

‘మాయాబజార్’ (1957) కథ కొంచెం ప్రత్యేకం. మొదట ఆ చిత్రానికి సంగీత దర్శకుడు సాలూరి రాజేశ్వరరావు. నాలుగు పాటలకు బాణీలు కట్టాక ఆయన తప్పుకున్నారు. ఆ నాలుగింటినీ చెక్కుచెదరకుండా వాద్యబృందంతో రికార్డు చేయించి, మిగతావన్నీ ఘంటసాల సమకూర్చారు. ఏది ఎవరి బాణీ అన్నది వినేవారికి తెలియకుండా చిత్రమంతా ఒకే వరుసలో సాగింది. ఇందులో మాధవపెద్ది సత్యం పాడిన ఘటోత్కచుడి విందు పాట పూర్వాపరాలు జనరంజక సంగీతం ఎన్ని దారుల్లో ప్రయాణిస్తుందో చెబుతాయి. నాటక సమాజాల్లోనూ పాత హరికథ రికార్డులోనూ వినిపించిన వరుస అది. ఆ నవ్వుల బాణీకి 1920ల నాటి ఆంగ్ల హాస్యగీతం ‘లాఫింగ్ పోలీస్‌మన్’తో పోలిక ఉందని సంగీతాభిమానులు ఏనాడో గుర్తించారు. లండన్ హాస్యశాలలో పుట్టిన నవ్వు రాక్షసుడి నోట తెలుగై పోయింది. ఎవరూ అభ్యంతరపెట్టలేదు. పెట్టి ఉంటే ఎంత నష్టం!

ఇక పద్యం. ఘంటసాల ప్రభావం అత్యంత లోతుగా పనిచేసిన చోటు ఇదే.

తెలుగు నాటకరంగంపై పద్యం ఒక పోటీ క్రీడ వంటిది. తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాల్లో కృష్ణుడు, ధర్మరాజు, దుర్యోధనుడు పాడే పద్యాలకు జనం టికెట్టు కొనేవారు. కల్యాణం రఘురామయ్య, పీసపాటి నరసింహమూర్తి వంటి మహానటులు ఒక పద్యాన్ని నిమిషాల తరబడి రాగంలో విస్తరించగలరు. హార్మోనియం వెంట నడుస్తుంది, సభ ఈలలు వేస్తుంది, వన్స్‌మోర్ కేకలు పడతాయి, పద్యం మళ్లీ మొదలవుతుంది. ఆ ఆనందానికి సాటి లేదు. అయితే ఆ ప్రవాహంలో కొట్టుకుపోయేది తరచూ అర్థమే. పద్యం కంఠస్థం వచ్చినవాడికి ఇబ్బంది లేదు. రానివాడికి వినిపించేది నాదం మాత్రమే.

పద్యం పాడటంలో భాషకు సంబంధించిన చిక్కు ఒకటి ఉంది. తెలుగు వృత్తంలో గణం ముగిసే చోటు, మాట ముగిసే చోటు ఒకటి కావు. సంధి రెండు మాటలను అతికిస్తుంది; సమాసం నాలుగింటిని ఒకటిగా కడుతుంది; యతిస్థానం ఒక్కోసారి మాట నడుమ పడుతుంది. గాయకుడు ఊపిరి అందిన చోట ఆగితే మాట విరుగుతుంది. మాట ముగిసిన చోట ఆగితే లయ విరుగుతుంది. ఘంటసాల ఈ రెండింటి మధ్య సన్నని దారి కనుగొన్నారు. అర్థం ముగిసే చోట చివరి అచ్చును కొద్దిగా నిలిపి, ఆ నిలుపులోనే ఊపిరి తీసుకొని, నడక తెగకుండా తదుపరి మాట అందుకుంటారు. ఒత్తక్షరాలు స్పష్టంగా వినబడతాయి, కానీ మైకులో పేలవు. శ, ష, స మూడూ మూడుగా వినిపిస్తాయి. ళకారం లకారం కాదు, ణకారం నకారం కాదు. సీసపద్యంలో దీర్ఘపాదాల్ని మధ్యస్థాయిలో కథ చెబుతున్నట్టు నడిపి, ఎత్తుగీతి దగ్గర గొంతు లేపడం ఆయన పద్ధతి. ఆలాపన ఉంటుంది, కానీ పద్యం ముందు గుమ్మంలా ఉంటుంది, ఇల్లంతా ఆక్రమించదు.

ఇందులో కళాదృష్టితోపాటు యంత్రం విధించిన కట్టడి కూడా ఉంది. ఆనాటి 78 ఆర్‌పీఎం రికార్డు ఒక వైపు మూడు నిమిషాలకు కాస్త అటూ ఇటూ మాత్రమే నడుస్తుంది. రంగస్థల నటుడు ఒక్క ఆలాపనకు తీసుకునే వ్యవధి అది. అంతలోనే పద్యం ఎత్తుకోవాలి, ముగించాలి. ఆకాశవాణి 1940 నుంచి మూడు దశాబ్దాలపాటు హార్మోనియాన్ని నిషేధించింది. నాటక పద్యానికి ఊతకర్ర వంటి వాద్యం అది. రేడియోలో పద్యం పాడదలచినవారు కంఠం మీదనే ఆధారపడవలసి వచ్చింది. చరిత్రలోని తమాషా ఏమిటంటే, ఘంటసాల పక్కన ఏళ్ల తరబడి సహాయకుడిగా నిలిచినది హార్మోనియంలో దిట్ట అయిన పట్రాయని సంగీతరావు. ఆయన మరెవరో కాదు, విజయనగరంలో చదువు చెప్పిన సీతారామశాస్త్రి కుమారుడు. గురువు ఇంటి ఆకలి తెలిసిన శిష్యుడు గురుపుత్రుణ్ణి మద్రాసుకు రప్పించుకొని తన సంగీతంలో భాగస్వామిని చేసుకున్నారు.

1963లో వచ్చిన ‘లవకుశ’ ఈ పద్ధతికి విశాలమైన వేదిక. తెలుగులో పూర్తి నిడివి రంగుల చిత్రం అదే మొదటిది. ముప్ఫైకి పైగా పాటలు, పద్యాలు ఉన్న ఆ చిత్రానికి సంగీతం ఘంటసాలది, లవకుశులకు పి. లీల, పి. సుశీల పాడారు. ‘పాండవ వనవాసం’ (1965) సంగీతమూ ఆయనదే. ఆ రోజుల్లో పౌరాణిక చిత్రం ఆడే ఊళ్లో బళ్లు కట్టుకొని వచ్చిన రైతులు ఇంటికి పద్యాలు పట్టుకుపోయారు. నాటకంలో నటుడి వెంట వెళ్లిపోయే పద్యం, సినిమాలో వినేవాడి వెంట వెళ్లింది.

సినిమాకు అవతల విడుదల చేసిన రికార్డులది మరో చరిత్ర. జంధ్యాల పాపయ్యశాస్త్రి ‘పుష్పవిలాపం’, ‘కుంతీకుమారి’ ఖండికలు అచ్చులో చదివినవారి సంఖ్య ఎంతైనా, ఘంటసాల గొంతులో విన్నవారి సంఖ్యకు దరిదాపుల్లోకి రాదు. పూలు తమను కోయవద్దని మొరపెట్టుకునే పద్యాలను ఆయన విలపించకుండా పాడారు. ఏడుపు వినేవారికి వదిలేశారు. గురజాడ ‘పుత్తడిబొమ్మ పూర్ణమ్మ’నూ ఇదే తీరులో జనానికి చేర్చారు. కవి పేరు తెలియనివారికి కవిత్వం తెలిసింది. పాఠ్యపుస్తకాలు చేయలేని పనిని మూడు నిమిషాల లక్క పళ్లెం చేసింది.

శాస్త్రీయ సంగీత ప్రియులకు ఆయనతో కొంత పేచీ ఉండేది. ఇంత విద్య ఉన్నవాడు కచేరీ వేదికకు దూరమయ్యాడన్నది వారి విచారం. ‘జగదేకవీరుని కథ’ (1961)లో పెండ్యాల నాగేశ్వరరావు దర్బారీ కానడలో కట్టిన గీతం వింటే ఆ విచారంలో నిజం ఉందనిపిస్తుంది. విజయనగరంలో సాధన చేసిన గొంతు దాచుకున్న బలమంతా అక్కడ బయటపడింది. అయితే కచేరీకే పరిమితమై ఉంటే తెలుగు సంగీతానికి మరో మంచి విద్వాంసుడు లభించేవారు. పద్యానికి మాత్రం ఈ దారి దొరికేది కాదు.

డబ్బు విషయంలో ఘంటసాల అదృష్టవంతులు కారు. స్వంతంగా ‘పరోపకారం’ (1953), ‘సొంతవూరు’ (1956), ‘భక్త రఘునాథ్’ (1960) నిర్మించి నష్టపోయారు. పాడి సంపాదించినది నిర్మాతగా పోగొట్టుకొని, ఆ లోటు పూడ్చడానికి మళ్లీ పాడటం. రాయలసీమ కరువు సమయంలోనూ, దేశ రక్షణ నిధి కోసమూ ఊరూరా తిరిగి పాడారు. ఆ గొంతుకు విశ్రాంతి ఎన్నడూ లేదు.

ఈ గొంతు తెలుగునేల దాటి ఎలా ప్రయాణించిందో కూడా చెప్పుకోవాలి. 1952లో సమాచార, ప్రసార శాఖ చేపట్టిన బి.వి. కేస్కర్ హయాంలో ఆకాశవాణి సినిమా పాటలకు దాదాపు తలుపులు మూసింది. జనం రేడియో సిలోన్ వైపు మళ్లారు. కొలంబో నుంచి హ్రస్వ తరంగాలపై వచ్చిన తెలుగు పాటల కార్యక్రమానికి దక్షిణాది అంతటా శ్రోతలు ఏర్పడ్డారు. 1957 అక్టోబరు 3న వివిధభారతి మొదలుకావడానికి ఈ పోటీయే కారణం. 1963లో పోర్ట్ బ్లెయిర్‌లో ఆకాశవాణి కేంద్రం వెలసింది. హ్రస్వ తరంగాలకు సముద్రం అడ్డు కాదు. తరువాత క్యాసెట్లు వచ్చాయి, ఓడల్లో పెట్టెల్లో ప్రయాణించాయి. ఇప్పుడు చేతిలోని ఫోను చాలు.

బడిలో, బజారులో వేరే భాష వినిపించే గరాచర్మ వంటి చోట ఈ రికార్డుల విలువ వినోదాన్ని మించినది. వలస వెళ్లిన భాషలో ముందుగా అరిగిపోయేది గ్రంథస్థ రూపం. ఇంటి మాటలు, తిట్లు, వంటల పేర్లు నిలుస్తాయి. సమాసం, సంబోధన, పురాతన క్రియారూపం జారిపోతాయి. అటువంటి ఇంట్లో నిత్యవ్యవహారంలో లేని తెలుగును స్పష్టమైన ఉచ్చారణతో వినిపించేది పద్యమే. అర్థం తెలియకపోయినా అక్షరం తెలుస్తుంది. అర్థం అడగాలనిపించడానికి మొదట అక్షరం వినబడాలి కదా.

అండమాన్‌కు ఘంటసాల చివరి పాటల్లో ఒకదానితో ఇంకో బంధం ఉంది. అల్లూరి సీతారామరాజు అనుచరుల్లో బోనంగి పండు పడాలు వంటివారు ప్రవాస శిక్షపై ఈ దీవులకే వచ్చారు. ఆ వీరుడి జీవితంపై తీసిన చిత్రంలో శ్రీశ్రీ రచనకు ఆదినారాయణరావు స్వరం కట్టగా ఘంటసాల పాడారు. ఉత్తమ గీత రచనకు జాతీయ పురస్కారం అందుకున్న ఆ పాటలో వినిపించేది నిజానికి ఒక రోగి గొంతు. వింటే నమ్మడం కష్టం.

గౌరవాలు ఆలస్యంగానైనా వచ్చాయి. తిరుమల తిరుపతి దేవస్థానం ఆస్థాన విద్వాంసుడిగా సత్కరించింది. 1960 నాటి ‘శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం’లో ఆయన స్వయంగా స్వామి ఎదుట కూర్చొని పాడుతూ తెరపై కనిపిస్తారు. 1970లో పద్మశ్రీ లభించింది. 1971లో ఐరోపా, అమెరికా పర్యటించి ప్రవాసాంధ్రులకు పాడి వచ్చారు. అప్పటికే మధుమేహం, గుండెజబ్బు వేధిస్తున్నాయి. 1972లో హైదరాబాద్ రవీంద్రభారతిలో కచేరీ చేస్తుండగా గుండెనొప్పి వచ్చి ఆసుపత్రిలో చేరారు. ఈలోగా కొత్త గొంతులు వచ్చాయి. 1966లో తన తొలి సినిమా పాట పాడిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం అప్పటికే నిలదొక్కుకుంటున్నారు. ఆ తొలి పాటలో బాలసుబ్రహ్మణ్యంతో గొంతు కలిపినవారిలో రంగస్థల దిగ్గజం కల్యాణం రఘురామయ్య ఉండటం విశేషం. నాటకశాల పద్యమూ, రాబోయే తరపు సినిమా పాటా ఒకే మైకు ముందు నిలబడ్డాయి. వాటి మధ్య వంతెన వేసిన మనిషి ఆ గదిలో లేరు.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఘంటసాల పట్టుదలతో పూర్తి చేసిన పని భగవద్గీత. ఏడు వందల శ్లోకాల నుంచి ఎంచిన 108 శ్లోకాలను తానే స్వరపరచి పాడి, తెలుగు తాత్పర్యం తానే చదివారు. వాద్యాలు వెనక్కి తగ్గుతాయి. శ్లోకం నెమ్మదిగా నడుస్తుంది. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో 51 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. గీత రికార్డు ఆ తరువాతనే మార్కెట్‌లోకి వచ్చింది. ‘అల్లూరి సీతారామరాజు’ మే 1న విడుదలైంది. ఆయన పేరున విజయవాడలో ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది, 2003లో తపాలా బిళ్ల వెలువడింది, విగ్రహాలకు లెక్కలేదు.

గీత రికార్డు పొందిన గతి మాత్రం ఎవరూ ఊహించనిది. గాయకుడి మరణానంతరం వచ్చినందువల్లనో, ఆ గంభీర స్వరం వల్లనో, ఊళ్లో ఎవరైనా పోతే ఆ ఇంటి ముందు దాన్ని పెట్టడం తెలుగునాట ఆచారమైంది. వైకుంఠ రథాల్లో అదే మోగుతుంది. దూరం నుంచి వినగానే ఎవరు పోయారని అడుగుతారు. శుభకార్యం ఉన్న ఇంట, కొన్నిచోట్ల మామూలు రోజున సైతం, దాన్ని పెట్టనివ్వరు. యుద్ధం చేయనని కూలబడినవాణ్ణి లేపి పనికి పురికొల్పే గ్రంథం, చేయడానికి ఇంకేమీ మిగలని వేళ వినే పాటగా మారింది. అయినా ఆ రికార్డును తెల్లవారుజామున పెట్టుకునే ఇళ్లూ ఉన్నాయి. అక్కడ శ్రద్ధగా వినేవారికి శ్లోకాలకంటె ముందుగా దగ్గరయ్యేది వాటి నడుమ వచ్చే తాత్పర్యం. అందులో రాగం లేదు, తాళం లేదు. జీవితమంతా ఇతరుల ముఖాలకు పాడిన ఘంటసాల అక్కడ తన మామూలు గొంతుతో, తెలుగులో, నిదానంగా మాట్లాడుతూ వినిపిస్తారు.